మండువా ఇంటికి స్లాబు వేయొచ్చా?

ప్రశ్న: మా మావగారి తాతగారు ఇచ్ఛాపురంలో కట్టించిన మండువా ఇల్లు చాలా ఏళ్లుగా తాళం వేసి ఉంది. మా వీధిలో తెలుగు, ఒడియా, ఉర్దూ మాట్లాడేవాళ్లం కలిసే ఉంటాం. పండగలకు, పిల్లల చదువుకు, ఆడవాళ్ల కుట్టుపనికి అందరికీ పనికొచ్చేలా ఆ ఇంటిని ఇద్దామనుకుంటున్నాం. మేస్త్రీ పాత సున్నం గీకి సిమెంటు పూసి, పెంకులు దించి స్లాబు వేసి, నడిమి గోడ కొట్టేస్తే హాలు అవుతుందంటున్నాడు. ఒప్పుకోమంటారా?
- ఒక పాఠకురాలు, ఇచ్ఛాపురం

జవాబు: ఒప్పుకోకండమ్మా. మీ మేస్త్రీ చెప్పిన తప్పు నేనూ ఒకసారి చేశాను. సాలూరులో మా పెద్దమ్మ ఇంటికి దగ్గరుండి మరీ సిమెంటు పూయించాను. రెండో వానాకాలానికి చూరు కింద గోడ అప్పడంలా ఉబ్బింది. తడితే డొల్ల చప్పుడు. గోరు పెట్టి లాగితే అరచేయంత పెచ్చు ఊడొచ్చింది, వెనక ఇటుక మీద తెల్లగా ఉప్పు. ఇంజనీరు ఉద్యోగం చేస్తూ ఆ పని చేయించాను, పెద్దమ్మ చాన్నాళ్లు ఎత్తిపొడిచింది.

సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది. కాబట్టి పాడైన చోట మాత్రమే గీకి గానుగ సున్నమే, అంటే ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నమే పూయించండి. నడిమి గోడ మీద దూలాలు ఆనుకుని ఉంటాయి, దాని జోలికి వెళ్లొద్దు. స్లాబు బరువు ఆ గోడలు మోస్తాయన్న నమ్మకం నాకు లేదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గుర్తుండి పెంకులంటే భయపడుతున్నారేమో. పుచ్చిన వాసాలు మార్చి, మిగిలినవాటిని ఇనప పట్టీలతో దూలాలకు బిగించండి.

హాలు కావాలంటున్నారు కదా, ఇంటి నడుమ మండువా ఉండనే ఉంది! చుట్టూ వసారాల్లో చాపలు వేస్తే చాలు. మరుగుదొడ్లు ఇంట్లో పెట్టొద్దు, పెరట్లో కట్టించండి. అరుగు రెండడుగుల ఎత్తుంటే చక్రాల కుర్చీకి 24 అడుగుల ర్యాంపు కావాలి. వీధిలోకి అంత చోటుండదు, అరుగు పక్కనే గోడ వెంట తిప్పండి.

వంట దగ్గరే అసలు పేచీ వస్తుంది. ఒకరికి నీచు తగలకూడదు, ఇంకొకరికి బిర్యానీ లేనిదే పండగ కాదు. పెరట్లో రేకుల కింద రెండు పొయ్యిలు, రెండు జతల గిన్నెలు పెడితే ఆ గొడవ ఉండదు. బోర్డు మూడు లిపుల్లోనూ ఒకే సైజులో రాయించండి.

ఇల్లు రాసిచ్చేముందు వారసులందరి సంతకాలు తీసుకోండి. దానమైనా, కొన్నేళ్ల లీజైనా రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే. రేపు దుబాయ్ నుంచి మరిది దిగి 'నా వాటా ఏదీ' అంటే టెన్షన్ మీదే.

మేస్త్రీకి అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వకండి. ఒక గట్టి వాన పడ్డాక తలుపులు తీసి, గోడల మీద తడి ఎక్కడిదాకా దిగిందో సుద్దతో గీత గీసుకోండి.