ఐజీపీ పోటీలకు తయారవుతున్న కుక్క పేలుడు పదార్థాలను పసిగట్టే పనికి అక్కరకొస్తుందా?

మీ మాలినోయి (బెల్జియన్ షెపర్డ్ జాతి కుక్క)ని ఐజీపీ అనే కుక్కల క్రీడా పోటీలకు తయారు చేస్తున్నానని, దానినే పేలుడు పదార్థాలు వెతికే పనికీ మళ్లించవచ్చా అని అడిగారు. మళ్లించవచ్చు, బంతి కోసం ప్రాణం పెట్టే కుక్కే రెండింటికీ కావాలి. అయితే పోటీలో మార్కులు తెచ్చే ఒక అలవాటు ఇక్కడ చేటు చేస్తుంది. మీరట్‌లో సైన్యపు పశువైద్య విభాగమైన ఆర్‌వీసీ కేంద్రంలో శిక్షణ పొంది, కొన్నేళ్లు సైన్యంలో లాబ్రడార్‌తో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

ఐజీపీలో జాడ తీయడం, విధేయత, రక్షణ అనే మూడు విభాగాలకు తలా 100 మార్కులు. విధేయతలో కుక్క మన ఎడమ కాలి పక్కనే, తలెత్తి మన ముఖం చూస్తూ నడిచేలా నేర్పుతారు. ఆ చూపే చేటు అంటున్నాను.

మేము డబ్బాలు వరుసగా పెట్టి, ఒక్కదానిలోనే సరుకు, అంటే పేలుడు పదార్థం, ఉంచేవాళ్లం. వాసన తగలగానే కుక్క గీరకుండా, మొరగకుండా కూర్చోవాలి. పేలుడు పదార్థాన్ని గీరితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. నా కుక్క కొద్ది రోజుల్లోనే ఒక్కటీ తప్పకుండా కూర్చోసాగింది, నేనూ పొంగిపోయాను. ఒక ఉదయం మా ఉస్తాద్ డబ్బాలన్నీ ఖాళీగా పెట్టించి, ఏడోదానిలో సరుకుందని నాతో అబద్ధమాడాడు. ఏడో డబ్బా దగ్గరకు రాగానే కుక్క ఠక్కున కూర్చుంది. అక్కడ నా అడుగు అరక్షణం నిదానించింది, పట్టీ కాస్త వదులైంది, చెయ్యి బంతి ఉన్న జేబు వైపు కదిలింది. నాకు తెలియని ఈ మూడూ దానికి ఎప్పటినుంచో తెలుసు. 2011లో అమెరికాలో 18 జట్లపై జరిగిన పరీక్షలోనూ ఇదే బయటపడింది: ఎక్కడా వాసన పెట్టకుండా, ఎర్ర కాగితం ఉన్నచోట సరుకుందని హ్యాండ్లర్లను (కుక్కలను నడిపేవాళ్లను) నమ్మిస్తే, తమ కుక్కలు ఎక్కువగా ఆ కాగితాల దగ్గరే 'దొరికింది' అన్నాయని వాళ్లు చెప్పారు.

ఆ తరువాత సరుకు ఎక్కడుందో నాకు తెలియకుండానే సాధన చేయించారు. దూరంగా నిలబడిన మరొకరు అవునన్నాకే బంతి, అదీ వాసన ఉన్నచోటే పడేలా విసరాలి. మధ్యమధ్యలో అన్నీ ఖాళీ డబ్బాలున్న వరుసలూ ఉండాలి. సరుకు పెట్టిన చేతితొడుగులతో ఖాళీ డబ్బాలను ముట్టుకోకూడదు. అలాగని వాటిని అసలు ముట్టుకోకుండా వదిలేసినా కుక్క మనిషి వాసన ఉన్న డబ్బానే పట్టేస్తుంది, కాబట్టి వాటిని వేరే శుభ్రమైన తొడుగులతో తాకాలి. ఎండలో రొప్పుతున్న కుక్క ముక్కు సరిగా పనిచేయదు గనుక వేసవిలో తెల్లవారుజామునే ముగించండి.

అసలు పేలుడు పదార్థాలను ఇంట్లో ఉంచుకోవడం నేరం. దూదికి కాస్త లవంగ నూనె అద్ది మొదలుపెట్టండి. వెతికేటప్పుడు మాత్రమే తొడిగే ఛాతీ పట్టీ ఒకటి వేరుగా ఉంచితే, ఏ రోజు మీ ముఖం చూడాలో, ఏ రోజు చూడనక్కరలేదో కుక్కకు తొందరగానే అర్థమవుతుంది.