మూత తీసి వెలిగించండి, మూత వేసి వండండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం బార్బెక్యూ మీదే, అంటే జాలీ మీద ముక్కలు కాల్చుకునే మూతున్న గ్యాస్ పొయ్యి మీద. పండక్కి వచ్చిన బావలూ అల్లుళ్ళూ మోసుకొచ్చి ఇక్కడ వదిలేసి వెళ్ళిపోయారు, ఇప్పుడవి డాబాల మీద కవరు కప్పుకుని కూర్చున్నాయి, సరే అవే ముందు తేల్చేద్దాం, ఆవకాయ ప్రశ్నలు వచ్చే నెలకి.

ప్రశ్న (శ్రీకాకుళం): అక్కా, మా బావ బయటి దేశం నుంచి సామాన్లతో పాటు మూడు బర్నర్ల గ్యాస్ బార్బెక్యూ తెచ్చి ఇచ్చాడు. మన ఇంట్లో బండకి తగిలించేయొచ్చా? ఇక్కడ సామాన్ల కొట్టాయన హై ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టీ బాబూ మంట జోరుగుంటాది అంటున్నాడు.

జవాబు: ఆ కొట్టాయన మాట వినకు తమ్ముడూ. హై ప్రెషర్ రెగ్యులేటర్ హోటల్ భట్టీలకి, దీనికి కాదు. ముందు బార్బెక్యూ వెనకాలో తలుపు లోపలో ఒక స్టిక్కర్ ఉంటుంది చూడు, ఏ గ్యాసు ఎంత ప్రెషరు అని రాసుంటుంది. మన ఇళ్ళలో రెగ్యులేటర్ ఇచ్చేది సుమారు 30 మిల్లీబార్లు. స్టిక్కర్ మీద ఎల్‌పీజీకి 28 నుంచి 30 అని ఉంటే దాదాపు మనదే లెక్క. 37 అనో 50 అనో ఉంటే అది వేరే దేశం కొలత, మన రెగ్యులేటర్‌తో మంట నీరసంగా వస్తుంది, జెట్లు, అంటే బర్నర్‌లోకి గ్యాసు వదిలే సన్న కన్నాల ముక్కలు, మార్చాలి, అది స్టవ్ మెకానిక్ పని, మనం సూది పెట్టి కన్నం పెద్దది చేసే పని కాదు. ఇక నేచురల్ గ్యాస్ అని ఉందనుకో, దాన్ని బండకి అస్సలు తగిలించకు, దాని జెట్ కన్నాలే పెద్దవి, మంట మనిషెత్తు లేస్తుంది.

ట్యూబు విషయం. ఆ పచ్చ రబ్బరు గొట్టం వద్దు. లోపల స్టీలు తీగ అల్లిన నారింజ రంగు సురక్షా ట్యూబు, ఐఎస్ఐ మార్కుది, మీటరున్నర మించకుండా వేయించు, ఐదేళ్ళకి మార్చేయి. ట్యూబు బార్బెక్యూ కింద నుంచి వేలాడుతూ వేడి రేకుకి తగలకూడదు. బండ పక్కన నిలబెట్టే ఉండాలి, పడుకోబెడితే గ్యాసుకి బదులు లోపలి ద్రవం ట్యూబులోకి వచ్చేస్తుంది. వంటింటి బండకే టీ జాయింటు పెట్టి రెండిటికీ లాగుదాం అనే తెలివి మాత్రం వద్దు. 5 కిలోల చిన్న బండ తెచ్చుకో, దానికి సరిపడే రెగ్యులేటర్ కూడా వాళ్ళ దగ్గరే అడిగి తీసుకో. మూడు బర్నర్లూ ఫుల్లుగా పెడితే గంటకి సుమారు ముప్పావు కిలో గ్యాసు తాగేస్తుంది, లెక్క చూసుకో, ఆదివారం మధ్యలో ఆరిపోతే బావ ముందు పరువు పోతాది.

తగిలించాక గిన్నెలో సబ్బు నురగ కలిపి జాయింట్లన్నిటికీ రాయి. బుడగ లేచిందా, లీకు. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు, మా వీధిలోనే ఒకాయన ఉన్నాడు, ఎలా బతికి ఉన్నాడో ఆ పైడితల్లమ్మకే తెలియాలి. వాసన గట్టిగా వచ్చి బండ దగ్గర కట్టేసినా ఆగకపోతే మనుషుల్ని దూరం పంపి 1906 కి ఫోన్ చేయి, అది గ్యాస్ లీకులకి రాత్రీ పగలూ పలికే నంబరు.

ప్రశ్న (విజయనగరం): మేడమ్, మొన్న మా ఆయన గ్యాస్ తిప్పి లైటర్ నొక్కితే వెలగలేదు, మళ్ళీ నొక్కారు, మళ్ళీ నొక్కారు, నాలుగోసారి భుగ్గుమని మూత ఎగిరింది. కనుబొమ్మలు పోయాయి, మనిషి బానే ఉన్నారు. సామాను పాడైందా?

జవాబు: సామాను పాడవలేదమ్మా, మూత వేసి ఉంచారు, అదే జరిగింది. ఇంట్లో స్టవ్ మీద ఒకసారి వెలక్కపోతే మళ్ళీ టిక్కు టిక్కు అంటాం, ఏమీ అవదు, ఎందుకంటే చుట్టూ ఖాళీ. ఇదలా కాదు, ఇది మూతున్న డబ్బా. మనం వాడే గ్యాసు గాలి కంటే బరువు, పైకి పోదు, ఆ డబ్బా అడుగున నీళ్ళలా నిండుతుంది. గాలిలో 2 శాతం కలిసినా చాలు అంటుకోవడానికి. మూడుసార్లు నొక్కేలోపు నిండిపోయింది, నాలుగోసారికి నిప్పు దొరికింది.

కాబట్టి మూత పూర్తిగా తీసి, అన్ని నాబ్‌లూ ఆఫ్‌లో ఉన్నాయని చూసుకుని, అప్పుడు బండ తెరిచి, ఒక్క బర్నర్ మాత్రమే తిప్పి వెలిగించండి, మొహం దాని మీదకి వంచకుండా. ఐదారు సెకన్లలో వెలక్కపోతే ఆఫ్ చేసేసి ఐదు నిమిషాలు ఊరుకోండి, మూత తీసే ఉంచి. ఆ ఐదు నిమిషాలు మగాళ్ళకి చాలా కష్టం, నాకు తెలుసు, ఉల్లిపాయలు కోయమనండి. వంట మధ్యలో గాలికి ఆరిపోయినా ఇదే పద్ధతి. ఆపేటప్పుడు మటుకు ముందు బండ దగ్గర కట్టి, ట్యూబులో మిగిలింది మండిపోయాక నాబ్‌లు కట్టండి.

ప్రశ్న (నరసన్నపేట): అక్కా నాకు ఒకటే బాధ. చికెన్ లెగ్గులు పైన బొగ్గు, లోపల రక్తం. మూడు ఆదివారాలు అయిపోయాయి, మా పిల్లలు బిర్యానీ ఆర్డర్ పెట్టుకుంటున్నారు. మధ్యలో మంటలు లేస్తే నీళ్ళు కొడుతున్నాను. నాటుకోడి అయితే బాగుంటాదేమో అని కూడా అనుకుంటున్నాను.

జవాబు: నాటుకోడి సంగతి ముందు చెప్పేస్తాను, దాన్ని జాలీ మీద పెట్టి కోడికీ నీ పళ్ళకీ అన్యాయం చేయకు, అది పులుసుకి పుట్టింది. ఫారం కోడే తెచ్చుకో.

ఇక అసలు తప్పు ఏటంటే, నువ్వు మూడు బర్నర్లూ ఫుల్లుగా పెట్టి మంట మీదే ముక్కలు పెడుతున్నావు. బార్బెక్యూలో రెండు వంటలున్నాయి నాయనా. ఒకటి మంట మీద వంట, రెండోది మంట పక్కన వంట. పల్చటివి, అంటే రొయ్యలు, పనీరు, బోన్‌లెస్ ముక్కలు, మొక్కజొన్న కంకులు, ఇవి మంట మీద, మూత తీసి, దగ్గరే నిలబడి తిప్పుకుంటూ కాల్చుకోవాలి, నిమిషాల్లో అయిపోతాయి. లెగ్గులూ పూర్తి కోడీ మటన్ తొడా లాంటి మందపాటివి మంట పక్కన వండాలి. ఎలాగంటే, అన్నీ వెలిగించి మూత వేసి పది పదిహేను నిమిషాలు వేడెక్కనీ, తర్వాత మధ్య బర్నర్ ఆపేసి రెండు పక్కలవీ సన్నం చేయి, కోడిని మధ్యలో పెట్టు, మూత వేసేయి. ఇప్పుడు అది పొయ్యి కాదు, ఓవెన్. వేడి గాలి లోపల తిరుగుతూ నాలుగు వైపులా ఉడికిస్తుంది. మూత మీద మీటరు ఉంటే 180 డిగ్రీల దగ్గర ఉండేలా నాబ్‌లు చూసుకో, కిలో పావు కోడికి గంట, గంటంపావు పడుతుంది. అయిందా లేదా అని మూత తీసి చూసిన ప్రతిసారీ వేడంతా పోతుంది, చూడకు. లెగ్గులు అరగంట నుంచి ముప్పావు గంట మంట పక్కన ఉంచి, చివర్లో రెండు నిమిషాలు మంట మీదకి జరిపి తోలు కరకరలాడించు. నువ్వు చేస్తున్నదానికి ఇది సరిగ్గా తలకిందులు.

రంగు చూసి ఉడికిందనుకోవడం నమ్మకం కాదు, ఎముక దగ్గర ఎరుపు ఉడికాక కూడా కనిపిస్తుంది ఒక్కోసారి. గుచ్చే థర్మామీటరు ఒకటి కొనుక్కో, తొడ మందంగా ఉన్నచోట ఎముకకి తగలకుండా గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. పచ్చి కోడి నానిన మసాలా మిగిలితే దాన్నే చివర్లో పైన పూయకు, పూయాలంటే ముందే వేరే గిన్నెలో కొంత తీసి పెట్టుకో. తేనె, బెల్లం, టమాటా సాసు కలిపినవి చివరి ఐదు నిమిషాల్లోనే, ముందే పూస్తే నీ బొగ్గుకి అదీ ఒక కారణం.

మంట లేస్తే నీళ్ళు వద్దు. కారేది కొవ్వు, మండే కొవ్వు మీద నీళ్ళు పడితే అది చిమ్ముతుంది. పట్టకారుతో ముక్కల్ని మంట లేని వైపుకి లాగేయి, ఆ బర్నర్ ఆపు, అదే చల్లబడుతుంది. కింద జిడ్డు పట్టే ట్రే వారం వారం కడుగుతున్నావా? మూడు ఆదివారాల జిడ్డు అందులోనే ఉంటాది, అదే నీ మంట. కడగడానికి బద్ధకించి జాలీ మొత్తం ఫాయిల్ పరిచేవాళ్ళున్నారు, పెద్ద పెనం వేసి మొత్తం కప్పేసేవాళ్ళూ ఉన్నారు, రెండూ తప్పే, వేడి పైకి పోయే దారి లేక నాబ్‌ల వైపుకీ ట్యూబు వైపుకీ తిరుగుతుంది.

ప్రశ్న (కళింగపట్నం దగ్గర నుంచి): మాది సముద్రం ఒడ్డు, కోనాం చేప తాజాగా దొరుకుతాది. జాలీకి అంటుకుపోయి తోలంతా అక్కడే ఉండిపోతోంది. గాలికి మంట కూడా ఆగడం లేదు.

జవాబు: జాలీకి నూనె రాస్తున్నారు కదా, ఆ నూనె వేడికి మాడి జిగురైపోతుంది. నూనె చేపకి రాయండి, జాలీని బాగా కాలనివ్వండి, చేప మీద తడి పోయేలా పొడి గుడ్డతో అద్ది పెట్టండి. పెట్టాక నాలుగు నిమిషాలు ముట్టుకోకండి, కింద పొర గట్టిపడితే అదే వదిలేస్తుంది, వదల్లేదంటే ఇంకా కాలలేదని. రెండంగుళాల లోపు ముక్కలైతే మంట మీద చాలు, పూర్తి చేప అయితే కోడిలాగే మంట పక్కన.

గాలికి చుట్టూ రేకులు అడ్డం కట్టేయకండి, దడి ఒకవైపు దూరంగా ఉంటే చాలు. బార్బెక్యూనే తిప్పండి, గాలి లోపలి వేడిని నాబ్‌ల వైపుకీ మీ వైపుకీ తోయకూడదు, పక్క నుంచి పోవాలి. ఉప్పు గాలికి బర్నర్లు తుప్పు పట్టడం మటుకు ఖాయం, కవరు కప్పండి, చల్లారాకే.

ప్రశ్న (పలాస): గ్యాస్ మీద కాల్చితే పొగ వాసన రావట్లేదు. మా దగ్గర జీడిపిక్కల తొక్క బస్తాలకి బస్తాలు ఊరికే దొరుకుతాది, అది వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. వద్దే వద్దు. పలాసలో పుట్టి ఈ ప్రశ్న అడుగుతున్నారేటండీ, చిన్నప్పుడు జీడిపిక్కలు నిప్పుల్లో కాల్చుకుని తిన్నవాళ్ళం కదా మనం, ఆ సొన చిమ్మి చెయ్యి పొక్కలేదూ? ఆ తొక్కలో నూనె బ్రేకు లైనింగులకీ పెయింట్లకీ పోయే సరుకు. చర్మాన్ని పొక్కించేది, దాని పొగ కళ్ళకీ గొంతుకీ మంట, కూరకి పట్టేస్తే ఇంకా ఘోరం.

ఎండిన మామిడి, జామ కొమ్మలు చిన్న చెక్కలుగా కొట్టి, గుప్పెడు ఫాయిల్‌లో పొట్లం కట్టి, పైన నాలుగైదు కన్నాలు పొడిచి, వెలిగే బర్నర్ పక్కకి జాలీ కింద పెట్టండి, మూత వేయండి. పది నిమిషాల్లో పొగ మొదలవుతుంది. వేప, నీలగిరి వద్దు, ప్లైవుడ్డు ముక్కలూ రంగేసిన తలుపు చెక్కలూ అసలే వద్దు.

ప్రశ్న (బొబ్బిలి): వర్షం పడితే వరండాలోకి లాగేసుకోవచ్చా? గ్రిల్సు ఉన్నాయి, గాలి వస్తాది.

జవాబు: లాగకండి. మూసిన చోట దీన్నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తే వాసన ఉండదు, రంగుండదు, తలనొప్పి అనుకుని పడుకుంటారు. వర్షం పడితే ఆ రోజు పకోడీలు.

ప్రశ్న (ఎస్.కోట): అరకు రోడ్డులో తినే బొంగు చికెన్ గ్యాస్ బార్బెక్యూ మీద వస్తుందా?

జవాబు: వస్తుంది, ఆ కట్టెల పొగ రుచి మాత్రం రాదు, ముందే చెప్తున్నాను. పచ్చి వెదురు తీసుకోండి, ఎండింది అంటుకుపోతుంది. ఒక కణుపు కింద ఉండాలి, పైన తెరిచి ఉండాలి. రెండు వైపులా కణుపు మూసుకుపోయిన బొంగు వేడెక్కితే లోపలి ఆవిరికి టపాకాయలా పగులుతుంది, అలాంటి ముక్క జాలీ దగ్గరకే తేవద్దు. ముక్కలు ముప్పావు వంతే నింపి, మూతికి ఆకు వదులుగా కుక్కండి, ఆవిరి పోవాలి. మంట పక్కన, మూత వేసి, పావుగంటకోసారి దొర్లిస్తూ గంట దాకా. బొంగు పొడుగై మూత పడకపోతే పొట్టిగా కోయించండి, మూత సగం తెరిచి పెట్టి చేస్తే అర్ధరాత్రి తింటారు.

ప్రశ్న (చీపురుపల్లి): వానాకాలం అంతా మూలన పెట్టి ఇప్పుడు తీస్తే మంట పసుపుగా, ఒక వైపే వస్తోంది.

జవాబు: గొట్టంలో ఎవరో కాపురం పెట్టారు. సాలీడో మట్టి గూడు కట్టే కందిరీగో బర్నర్ గొట్టంలో గూడు కట్టేస్తే గాలి కలవక మంట పసుపవుతుంది, ఎక్కువ మూసుకుపోతే మంట వెనక్కి నాబ్ దగ్గరే అంటుకుంటుంది కూడా. బండ తీసేసి, బర్నర్లు ఊడదీసి, సీసా కడిగే సన్న బ్రష్షుతో గొట్టం లోపల తోమి, మళ్ళీ బిగించి సబ్బు నురగ పెట్టి చూసుకుని వెలిగించండి. జాలీ తోమడానికి మటుకు తీగ బ్రష్షు వాడకండి, తీగ ఊడి జాలీకి అతుక్కుని ముక్కతో పాటు గొంతులోకి పోయిన సంగతులున్నాయి. సగం కోసిన ఉల్లిపాయని పొడుగు ఫోర్కుకి గుచ్చి కాలిన జాలీ మీద రుద్దండి, మాడు వదిలిపోతుంది.