కొలంబస్ చేరిన నేలకు అమెరిగో పేరు ఎలా వచ్చింది?

ప్రశ్న: అట్లాంటిక్ దాటి కొత్త ఖండానికి దారి చూపినవాడు కొలంబస్ అయితే దానికి అమెరిగో వెస్పూచీ పేరు ఎలా వచ్చింది? అన్వేషకులు తమ పేర్లను తామే పెట్టుకునేవారా? — ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: సాధారణంగా పెట్టుకునేవారు కాదు. ఓడ నడిపినవాడు తనను పంపిన రాజు పేరునో, అధికారి పేరునో, తీరం కనబడిన నాటి పండుగ పేరునో ఆ నేలకు పెట్టేవాడు. అన్వేషకుడి పేరు చాలావరకు ఆ తరువాత, ఇతరుల చేతుల్లో స్థిరపడేది.

1492లో అక్కడి దీవులకు చేరిన కొలంబస్ తాను ఆసియా అంచున ఉన్నాననే నమ్మాడు. మనం నేటికీ వాడుతున్న వెస్టిండీస్ అనే మాట ఆ పొరపాటు నుంచి పుట్టినదే. ఇటలీలోని ఫ్లోరెన్స్‌వాడైన నావికుడు వెస్పూచీ బ్రెజిల్ తీరం వెంట ప్రయాణించిన తరువాత, అది ఐరోపావారు ఎరగని కొత్త లోకమని చెప్పే లేఖ ఒకటి ఆయన పేరుతో 1503 ప్రాంతంలో అచ్చయి, అనేక నగరాల్లో పునర్ముద్రణలు పొందింది.

అలాంటి లేఖలు చదివినవారే, నేటి ఫ్రాన్సులోని సేన్ డియే అనే చిన్న పట్టణంలో పనిచేసిన పండితులు మార్టిన్ వాల్డ్‌సేముల్లర్, మథియాస్ రింగ్‌మన్. 1507లో వారు కొయ్య అచ్చులతో 12 కాగితాల మీద పెద్ద ప్రపంచపటం ముద్రించి, దానికి తోడుగా ఒక చిన్న పుస్తకం వెలువరించారు. ఐరోపా, ఆసియాలకు స్త్రీల పేర్లు ఉన్నాయి కనుక, ప్రపంచపు ఈ నాలుగో భాగానికి దాన్ని కనుగొన్న అమెరిగో పేరు పెట్టడానికి ఎవరూ అడ్డు చెప్పనక్కరలేదని అందులో వాదించారు. లాటినులో అమెరికస్ అయిన పేరు స్త్రీలింగంలో అమెరికా అయింది.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ తరువాతి ఘట్టం. 1513 పటంలో వాల్డ్‌సేముల్లర్ ఆ పేరు తీసివేసి, ఆ నేలను కనుగొన్నది కొలంబస్ అని రాశాడు. కానీ అచ్చయిన ప్రతులు అప్పటికే ఆయన చేయి దాటిపోయాయి. ఇతరులు ఆ పేరునే ఎత్తిరాసుకున్నారు, 1538లో పటాల రూపకర్త మెర్కేటర్ దాన్ని ఆ నేల ఉత్తర భాగానికీ విస్తరింపజేశాడు. వెస్పూచీ లేఖల్లోని కొన్ని మాటలను చరిత్రకారులు శంకించారన్నది నిజమే, అయినా 1512లో మరణించిన ఆయన ఈ పేరు కోరినట్టు ఆధారం లేదు కనుక, కొలంబస్ కీర్తిని దొంగిలించాడనే నింద అన్యాయమని నా అభిప్రాయం.

ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిదీ ఇలాంటి కథే. 1642లో ఆ దీవిని చూసిన డచ్ నావికుడు ఆబెల్ టాస్మన్, బటావియా (నేటి జకార్తా)లోని డచ్ గవర్నర్ జనరల్ పేరిట దాన్ని వాన్ డీమెన్స్ లాండ్ అన్నాడు. బ్రిటిష్ ఖైదీలను తరలించే చోటుగా ఆ పేరుకు మచ్చపడటంతో 1856లో టాస్మన్ పేరు ఖాయం చేశారు. అయితే ఈ దీవి పటం గీసినవారికే కొత్త. వేల ఏళ్లుగా అక్కడ జీవిస్తున్న ఆదివాసుల వారసులు దాన్ని లుట్రువిటా అంటారు. రాజధాని హోబార్ట్ పక్కనున్న వెల్లింగ్టన్ పర్వతానికి 2013లో కునాన్యి అనే ఆదివాసీ పేరును కూడా అధికారికంగా చేర్చారు.