ఏడు గోంపాలు ఎందుకమ్మా?

ప్రశ్న: జూలైలో నేనూ మావారూ లద్దాఖ్ వెళ్దామనుకుంటున్నాం. నాకు 54, ఆయనకు 59. ట్రావెల్స్ వాళ్లు ఐదు రోజుల్లో ఏడు గోంపాలు, అంటే బౌద్ధారామాలు చూపిస్తామంటున్నారు. ఈయనకు రెండంతస్తులు ఎక్కితేనే ఆయాసం. అన్నీ చూడగలమా? వాళ్ల పూజలో మనల్ని కూర్చోనిస్తారా? - ఒక పాఠకురాలు

జవాబు: ఏడు వద్దమ్మా, మూడు చాలు. అంతకంటే ముందు, టికెట్లు కొనకముందే మీవారిని డాక్టరుకి చూపించండి. మీరు విమానం దిగే లేహ్ ఊరు 11,500 అడుగుల ఎత్తున ఉంది. విమానం దిగగానే కుర్రాళ్లకే తల దిమ్మెక్కుతుంది. మొదటిసారి నేను దిగిన రోజు మధ్యాహ్నమే మెట్లెక్కడానికి బయల్దేరాను. సగంలోనే కూలబడి వాంతి చేసుకున్నాను. డ్రైవరు నీళ్ల సీసా చేతిలో పెట్టి, "కొండ ఎక్కడికీ పోదు సార్" అన్నాడు. రెండు రోజులు గది దాటకండి. అది దండగ అనుకోవద్దు. నుబ్రా లోయలోని దిస్కిత్ గోంపా మీ జాబితాలో ఉంటే కొట్టేయండి. దానికోసం ఖర్దుంగ్ లా అనే కనుమ దాటాలి, అది 17,500 అడుగుల పైమాటే.

మూడోరోజు పొద్దున్నే థిక్సే గోంపాకు వెళ్లండి. లేహ్ నుంచి 19 కిలోమీటర్లు. కారు చాలావరకు పైకి పోతుంది కానీ మెట్లు తప్పవు, ఆగి ఆగి ఎక్కండి. అక్కడి మైత్రేయుడు, అంటే ఇక ముందు రాబోయే బుద్ధుడు, 49 అడుగులు, రెండంతస్తుల విగ్రహం. 1970లో దలైలామా వచ్చిన గుర్తుగా చేయించారు. మనం పై అంతస్తు నుంచి లోపలికి వెళ్తాం కాబట్టి ఎదురుగా ముఖమే కనిపిస్తుంది.

రెండోది అల్చీ గోంపా. అక్కడ ఇది తిరగబడుతుంది. మూడంతస్తుల సుమ్‌త్సెగ్ గుడిలో భారీ బోధిసత్వ విగ్రహాల తలలు పైఅంతస్తులోకి పోతాయి. కింద నిలబడ్డ మనకు దక్కేది వాళ్ల ధోవతులు! నేనైతే వాటిని చూస్తూనే గంట గడిపాను. అవలోకితేశ్వరుడి ధోవతి నిండా గుళ్లు, రాజభవనాలు. మైత్రేయుడి ధోవతి మీద బుద్ధుడి జీవితకథ. మంజుశ్రీ ధోవతి మీద 84 మంది సిద్ధులు. ఫొటోలు తియ్యనివ్వరు, అదే మేలు. లోపల చీకటి, కళ్లు అలవాటుపడేదాకా కదలకండి. మీవారికి మరో మంచి కబురు: అల్చీ కొండ కొమ్మున లేదు, సింధునది పక్కన ఊళ్లోనే ఉంది.

మూడోది హేమిస్. టిబెట్‌కు బౌద్ధం తీసుకెళ్లిన గురువు పద్మసంభవుడి జయంతి మేళా అక్కడ జూన్‌లోనో జూలైలోనో పడుతుంది. ముసుగు నాట్యాలు చూడాలంటే ఆ రోజున వెళ్లండి. జనం పడకపోతే వేరే రోజు.

పూజకు కూర్చోనిస్తారు. భిక్షువుల ఆసనాల మీద కాదు, గోడవారగా. విగ్రహం వైపు కాళ్లు చాపకూడదని మీకు చెప్పనక్కర్లేదు. ప్రదక్షిణ మనలాగే కుడివైపుగా. నేను ఏదో ధ్యాసలో మణి రాళ్ల (మంత్రాలు చెక్కిన రాళ్లు) గోడకు తప్పు పక్కన నడుస్తుంటే, ఒక ముసలావిడ మాటా పలుకూ లేకుండా మోచెయ్యి పట్టుకుని నన్ను వెనక్కి తిప్పింది. "జూలే" అన్నాను, ఆవిడా "జూలే" అంది. నమస్కారానికీ థాంక్స్‌కీ అదే మాట.

అన్నట్టు, మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లండి.

థిక్సే పూజ మధ్యలో చిన్న భిక్షువులు కెటిల్ పట్టుకుని పరుగెత్తుకుంటూ వస్తారు. అది ఉప్పూ వెన్నా వేసిన టీ. టీ అనుకుంటే గుటక దిగదు, చారు అనుకుని తాగండి. ఒక గుక్క తగ్గితే చాలు, మళ్లీ నింపేస్తారు. వద్దనుకుంటే కప్పు నిండుగానే ఉంచి, లేచే ముందు తాగెయ్యండి.