వాటర్లూలో ముంచింది వానేనా?

ప్రశ్న: గద్దె దింపి పంపేసిన ఎల్బా దీవి నుంచి తిరిగొచ్చి మళ్లీ గద్దెనెక్కిన ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్ అంత త్వరగా ఎలా ఓడిపోయాడు? వాన వల్లేనంటారు, నిజమేనా?

జవాబు: వాన ఒక్కటే కాదండీ. 1815 మార్చి 1న వెయ్యిమందితో ఫ్రాన్స్ తీరంలో దిగాడు, పట్టుకోమని పంపిన సైనికులే ఆయన వెంట నడిచారు, మార్చి 20కల్లా పారిస్‌లో ఉన్నాడు! కానీ బ్రిటన్, ప్రష్యా, ఆస్ట్రియా, రష్యా ఏకమయ్యాయి. జూన్ 18న ఇప్పటి బెల్జియంలోని వాటర్లూ యుద్ధంలో వాన వల్ల నేలంతా బురద, అందుకే దాడి మధ్యాహ్నం దగ్గరపడేదాకా ఆపాడు, అది నిజమే. ఈలోగా ప్రష్యన్ సేనాని బ్లూషర్ దళానికి బ్రిటన్ సేనాని వెల్లింగ్టన్‌ను చేరుకునే టైమ్ దొరికింది. వాళ్లను అడ్డుకోవాల్సిన నెపోలియన్ సేనాని గ్రూషీ ఏమో సుమారు 33 వేలమందితో వావ్ర్ అనే ఊరి దగ్గరే చిక్కుకుపోయాడు. నన్నడిగితే అసలు దెబ్బ అదే. జూన్ 22న మళ్లీ గద్దె దిగాడు, ఈసారి అట్లాంటిక్ సముద్రంలోని సెయింట్ హెలెనా దీవికి పంపేశారు, 1821లో అక్కడే పోయాడు.