హైకమిషనర్‌ను రాయబారి అనవచ్చా?

సందేహం: పత్రికల్లో ‘అమెరికా రాయబారి’ అని రాస్తారు. బ్రిటన్ దగ్గరికొచ్చేసరికి ‘బ్రిటిష్ హైకమిషనర్’ అంటారు. హైకమిషనర్ అంటే రాయబారి కన్నా చిన్న హోదానా? తెలుగులో ఇద్దరినీ రాయబారి అంటే తప్పా?

సమాధానం: హోదాలో ఇద్దరూ సమానులే. కామన్వెల్త్ అంటే ఎక్కువగా ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్న దేశాల కూటమి. ఆ కూటమి దేశాలు ఒకదానికొకటి పంపుకునే దౌత్యాధిపతి హైకమిషనర్. మిగతా దేశాలకు వెళ్లేవారు రాయబారి.

ఈ తేడాకు మూలం రాచరికంలో ఉంది. రాయబారిని ఒక దేశాధినేత మరో దేశాధినేత దగ్గరికి పంపాలి. బ్రిటన్‌కూ కెనడాకూ అప్పట్లో రాణి ఒక్కరే. తన దగ్గరికి తానే రాయబారిని పంపుకోలేదు కదా! అందుకే 1880లో కెనడా లండన్‌కు పంపిన ప్రతినిధిని హైకమిషనర్ అన్నారు. మన దేశం తరఫునా 1920 నుంచే లండన్‌లో హైకమిషనర్ ఉన్నారు. అప్పట్లో ఆయన పని ప్రభుత్వానికి కావలసిన సరుకులు కొనిపెట్టడం, అక్కడ చదివే మన విద్యార్థుల బాగోగులు చూడటం. 1947లో కృష్ణ మేనన్ వెళ్లేనాటికి అదే పేరు స్వతంత్ర దేశపు ప్రతినిధిదైంది. 1950లో గణతంత్రమయ్యాక కూడా కామన్వెల్త్‌లోనే ఉన్నాం కాబట్టి పేరు మారలేదు.

బ్రిటిష్‌వాళ్లు ఏలిన ప్రతి దేశానికీ వెళ్లేది హైకమిషనరే అనుకోవడం మాత్రం పొరపాటు. మన తెలుగువాళ్లు వేలాదిగా వలస వెళ్లిన బర్మానే చూడండి. అదీ వాళ్ల పాలనలోనే ఉండేది, కానీ 1948లో స్వాతంత్ర్యం వచ్చాక కామన్వెల్త్‌లో చేరలేదు. కాబట్టి అక్కడ మనకు ఉండేది రాయబారే. మొజాంబిక్‌ను ఏలింది పోర్చుగీసువాళ్లు. అయినా ఆ దేశం 1995లో కామన్వెల్త్‌లో చేరింది కనుక దాని రాజధాని మపుటోలో మనకు హైకమిషన్ ఉంది. పాకిస్తాన్ 1972లో బయటికి పోయి 1989లో తిరిగొచ్చింది. ఆ మధ్యకాలంలో ఇస్లామాబాద్‌కు వెళ్లిన మనవాళ్లు రాయబారులే.

ఇక తెలుగు సంగతి. ‘ఆయన చేసేది రాయబారి పనే’ అని మామూలు అర్థంలో అనవచ్చు. పదవి పేరు చెప్పేటప్పుడు మాత్రం హైకమిషనర్ అనే రాయాలి. ‘ఉన్నత కమిషనర్’ లాంటి అనువాదాలు వద్దు. ఏ కార్పొరేషన్ కమిషనరో అనుకుంటారు. ‘లండన్‌లోని భారత రాయబార కార్యాలయం’ అని తరచూ కనిపిస్తుంది, అదీ సరికాదు. భారత హైకమిషన్ అనాలి. హైదరాబాద్‌లో ఉండే బ్రిటిష్ అధికారి డిప్యూటీ హైకమిషనర్, అమెరికా అధికారి కాన్సుల్ జనరల్. వీరిద్దరిలో ఎవరినీ రాయబారి అనకూడదు. రాయబారి గానీ హైకమిషనర్ గానీ ఉండేది ఢిల్లీలోనే.