ఒక్క పూటే ఉంటే సాలార్‌జంగ్‌కే వెళ్ళండి

అక్కా, నల్లగొండ నుంచి అమ్మను, బాబును తీసుకొని హైదరాబాద్ వస్తున్నామని, ఒక్క పూటలో సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలా, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం చూడాలా అని అడిగారు కదా. సాలార్‌జంగే చూడండి. ఎంజీబీఎస్‌లో బస్సు దిగితే ఆటోకు దగ్గరే.

పన్నెండు కొట్టకముందే గడియారం ముందు చోటు చూసుకోండి. గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే బాబు కదలడు. తర్వాత నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీలో కొన్న రెబెకా శిల్పం. అక్కడ తొందరపడకండి. తడి మేలిముసుగు ముఖానికి అతుక్కున్నట్టే ఉంటుంది, కానీ అదంతా ఒకే పాలరాయి! నేను మూడుసార్లు చూశాను, ఇంకా తనివి తీరలేదు.

బాబు మమ్మీ చూడాల్సిందే అంటే మాత్రం స్టేట్ మ్యూజియమే. శుక్రవారం రెండింటికీ సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.